కుర్చీ అడుగున చూసే ఫ్రోదె

ఫ్రోదె ఎవరింటికైనా వెళ్తే ముందు కుర్చీని పలకరిస్తాడు. దాన్ని రెండు చేతులతో ఎత్తి, బోర్లా తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, అడుగున చేసినవాళ్ళ ముద్ర ఉందో లేదో చూస్తాడు. ముద్ర ఉంటే ఇంటివాళ్ళ క్షేమం కూడా అడుగుతాడు. లేకపోతే కుర్చీని కింద పెట్టి “బాగుంది” అంటాడు. ఆ “బాగుంది” విన్నవాళ్ళకు ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోబుద్ధి కాదు.

మా ఊరు హోల్బెక్‌లో, మా వీధివాళ్ళకు అతని తీర్పులు కొత్త కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అతను కారు లైసెన్సులకు పరీక్ష పెట్టే అధికారి. వీధిలో సగం మందిని ఫెయిల్ చేసింది అతనే. పక్కింటి కాయ్‌ని రెండుసార్లు చేశాడు. రెండోసారి కారణం ఏమిటంటే, మలుపు దగ్గర కాయ్ అద్దంలోకి చూశాడు గానీ చూసినట్టు కనిపించలేదట. రిటైరయ్యాక ఫెయిల్ చెయ్యడానికి మనుషులు దొరక్క ఫ్రోదె కుర్చీల మీద పడ్డాడు.

ఏ కుర్చీలంటే ఆ కుర్చీలు పనికిరావు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఓ పాతికేళ్ళ లోపల మా దేశంలో చేసినవై ఉండాలి. అంటే అతని చిన్నతనంలో బడిలో, గ్రంథాలయంలో, పళ్ళ డాక్టరు వరండాలో, ప్రతి ఇంట్లో ఉన్నవే. అప్పట్లో జనం వాటి మీద కూర్చునేవారు. తర్వాత కొన్నాళ్ళకు అందరికీ వాటి మొహం మొత్తి, తీసుకెళ్ళి చెత్తలో పారేశారు. ఫ్రోదె కూడా పారేశాడు. తల్లి పోయాక ఆవిడ కుర్చీలన్నీ కారు వెనక ట్రాలీలో కట్టి తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు అదే ట్రాలీలో తోలు సోఫా తెచ్చాడు. ఆ సంగతి ఇప్పుడు అతని ముందు ఎవరూ ఎత్తకూడదు.

ఆ సోఫా కూడా ఎప్పుడో పోయింది. ముందు గదిలో గోడల వెంట కుర్చీలు బారులు తీరి నిలబడ్డాయి. టేకువి, ఓకువి, కాగితాన్ని పేని తాడు చేసి దానితో అల్లినవి. నెలకోసారి ఫ్రోదె వాటిని గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడుస్తాడు. భార్య గెర్డాకు జ్వరమొచ్చినప్పుడు కూడా అంత మెత్తగా ఒళ్ళు తుడిచి ఉండడు. టీవీ ఉండే చోట నల్లరాతి శిల్పం ఒకటి వచ్చింది. నడుమెత్తు ఉంటుంది, మధ్యలో కన్నం ఉంటుంది. దానికి పేరు లేదు. పేరు లేనందుకు కూడా విడిగా డబ్బు పుచ్చుకుని ఉంటారని కాయ్ అంటాడు.

“ఇదేంటి నాయనా?” అని మొదటిసారి చూసినప్పుడు కాయ్ అడిగాడు.

“ఇది ఏదీ కాదు. అదే దీని గొప్ప.”

“మరి ఆ కన్నం?”

“ఆ ఖాళీ కోసమే చుట్టూ రాయి ఉంది. అసలు సంగతంతా ఖాళీలోనే ఉంది.”

“మా ఆవిడ నా తలకాయ గురించి ఇదే మాట చెబుతుంది. అది కూడా గొప్పేనన్నమాట,” అన్నాడు కాయ్.

గెర్డా బడి వంటశాలలో పనిచేసి రిటైరైన మనిషి. తుంటినొప్పి ఉంది. ఆవిడ కూర్చునేది వంటింట్లో మూడుకాళ్ళ స్టూలు మీద. దానికి ముద్ర లేదు కాబట్టి దాని మీద కూర్చోవచ్చు. ఆదివారాలు ఫ్రోదె లాంటి పెద్దమనుషులు మరికొందరు ఆ ఇంటికి వస్తారు. వాళ్ళ పెద్ద ఆస్గర్ అనే పాత పళ్ళ డాక్టరు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే కుర్చీలు బోర్లా తిప్పి, తలలు దగ్గర పెట్టి చూసుకుంటారు. పళ్ళ డాక్టరుకు అది అలవాటైన పనే. గెర్డా కాఫీ ఇస్తే, ఎక్కడ ఒలుకుతుందోనని నిలబడే తాగుతారు. గది నిండా కుర్చీలు, కూర్చున్నవాడు ఒక్కడూ లేడు.

గెర్డా ఇవేవీ పట్టించుకునేది కాదు. ఆవిడకు పట్టింది ఒక్కటే, పెళ్ళయి యాభై ఏళ్ళు నిండే రోజు.

మా వైపు ఆ రోజు పొద్దున్నే వీధివాళ్ళు వచ్చి, ఇంటి గుమ్మానికి ఫర్ చెట్టు కొమ్మల తోరణం కట్టి పాట పాడతారు. దంపతులు అప్పుడే నిద్రలేచినట్టు నటిస్తూ తలుపు తీసి, అందరినీ లోపలికి పిలిచి, రొట్టెలు, జున్ను, చేదు సారా పెట్టాలి. గెర్డా ఇన్నేళ్ళుగా అందరి గుమ్మాలకూ కొమ్మలు కట్టింది, అందరి బల్లల దగ్గరా కూర్చుని తిన్నది. తన వంతు మాత్రం రాలేదు. పాతికేళ్ళ పండగ నాడు ఫ్రోదెకు లైసెన్సు పరీక్షలున్నాయి. వీధివాళ్ళు పాట పాడి, గుమ్మంలోనే కాఫీ తాగి వెళ్ళిపోయారు.

“ఈసారి అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టాలి,” అంది గెర్డా.

“కారు షెడ్డు కడిగిస్తాను. గాలి బాగా వస్తుంది. నిలబడి తింటే అరుగుతుంది కూడా,” అన్నాడు ఫ్రోదె.

“యాభై ఏళ్ళు నిలబడి నేనే అరిగిపోయాను. ఈ ఒక్క పొద్దూ కూర్చోనీ.”

“ఆ అల్లిక కాగితం తాడు గెర్డా. తడిసిందంటే మచ్చ పోదు.”

“వచ్చేది మనుషులు. వాన కాదు.”

“కాయ్ కూడా వస్తాడుగా!”

గెర్డా చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది. “నాకు వేరే బహుమతి వద్దు. అందరూ మన కుర్చీల్లో కూర్చోవాలి. గ్లాసులు మోగించాలి. మనిద్దరం కుర్చీలెక్కాలి. అంతే.”

పెళ్ళి బల్ల దగ్గర అతిథులు చెంచాలతో గ్లాసుల మీద కొట్టారంటే, దంపతులు కుర్చీల మీదికెక్కి ముద్దుపెట్టుకోవాలి. కాళ్ళతో నేలను తన్నారంటే బల్ల కిందికి దూరి పెట్టుకోవాలి. ముసలివాళ్ళయినా తప్పించుకోవడానికి వీల్లేదు. ప్రతి పెళ్ళిలోనూ మొదటి చెంచా గెర్డాదే. కుర్చీ ఎక్కడం మాత్రం తన పెళ్ళి నాడు ఎక్కిందే.

ఫ్రోదె ఒక పూటంతా ఆలోచించి ఒప్పుకున్నాడు. అయితే బీట్‌రూట్ ముక్కలు ఉండకూడదు. ఎర్ర జామ్ ఉండకూడదు. అందరూ బూట్లు గుమ్మంలో విప్పాలి. ఎవరూ వెనక్కి వాలకూడదు. కుర్చీలెక్కడం గురించి అడిగితే “అప్పుడు చూద్దాం” అన్నాడు. గెర్డా దాన్ని ఒప్పుకోలు కింద జమకట్టుకుంది.

ఆ రోజు పొద్దున్నే తోరణం కట్టి, బాకా ఊది, పాట పాడాం. ఫ్రోదె తలుపు తీసి, గుమ్మంలోనే ఆగి ఒక్కొక్కరి పాదాలే చూస్తున్నాడు.

“ఈసారైనా పాసయ్యానా?” అన్నాడు కాయ్.

“మేజోళ్ళు తడిగా ఉన్నాయి.”

“అయితే మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు?”

కాయ్ భార్య బెంటె అతన్ని వెనకనుంచి లోపలికి తోసింది. ఫ్రోదె బల్ల అందరికీ చాలదని వాళ్ళు తమ బల్లను పెరటి వైపునుంచి ముందే మోసుకొచ్చి, దానికి జతచేసి పెట్టారు. దాని మీది మరకలు చూడలేక బెంటె నేలదాకా వేలాడే తెల్లగుడ్డ పరిచింది. ఫ్రోదె అప్పటికింకా పడగ్గది దాటలేదు కాబట్టి గుడ్డ కింది బల్లను చూడలేదు.

అందరం కూర్చున్నాం. కూర్చోవడమంటే, కుర్చీ అంచు మీద గుడ్డు పొదుగుతున్నట్టు.

“పళ్ళు పీకించుకోవడానికి వెళ్ళినప్పుడు కూడా ఇంత బిగుసుకోలేదమ్మా,” అంది బెంటె.

“మోచెయ్యి, మోచెయ్యి!” అన్నాడు ఫ్రోదె వెనకనుంచి. అతను కూర్చోలేదు. గుడ్డముక్క పట్టుకుని అందరి వెనకా తిరుగుతున్నాడు.

చేదు సారా రెండో విడత కడుపులో పడ్డాక మాటలు పెరిగాయి. ఎవరో చెంచా తీసి గ్లాసు మీద కొట్టారు. వెంటనే బల్ల చుట్టూ గ్లాసులన్నీ మోగాయి. గెర్డా మొహం ఎర్రబడింది. మూతి తుడుచుకుని, గౌను సర్దుకుని, కాయ్ భుజం పట్టుకుని ఒక కాలు కుర్చీ మీదికి ఎత్తింది. ఆ రోజు కోసం కొనుక్కున్న కొత్త బూట్లు ఆవిడ ఒక్కతే విప్పలేదు.

“బూట్లు!” అని ఫ్రోదె కేకవేశాడు.

“విప్పితే నువ్వూ ఎక్కుతావా?”

“అసలు ఎక్కడమే వద్దు. నేల మీద పెట్టుకున్నా ముద్దు ముద్దే. ఆ అల్లిక ఉన్నది కూర్చోవడానికి.”

“కూర్చోవడానికా! ఇన్నేళ్ళుగా చెప్పావు కాదేం?” అంది బెంటె.

ఎవరూ నవ్వలేదు. గ్లాసులు ఆగిపోయాయి. గెర్డా ఎత్తిన కాలు మెల్లగా దించింది. ఆవిడ ఎవరివైపూ చూడకుండా ముందున్న రొట్టెను తుంచడం మొదలుపెట్టింది. తినడం లేదు, తుంచుతోంది.

కాయ్‌కి ఏం తోచిందో, మేజోళ్ళ కాళ్ళతో నేలను తన్నడం మొదలుపెట్టాడు. మేమంతా అందుకున్నాం. మేజోళ్ళు కదా, పరుపు దులిపినట్టు చప్పుడొచ్చింది. కానీ ఫ్రోదె మొహం విప్పారింది. బల్ల కిందంటే అతనికి పుట్టిల్లు. “రా గెర్డా, రా!” అని పెళ్ళికొడుకులా ముందు తనే దూరాడు. గెర్డా ఒక్క క్షణం ఆగింది. తుంటి పట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, తనూ వెళ్ళింది. తెల్లగుడ్డ బయట ఫ్రోదె అరికాళ్ళూ గెర్డా కొత్త బూట్లూ కనిపిస్తున్నాయి. మేం కాళ్ళు ఆపి, చెవులు రిక్కించాం.

చాలాసేపటిదాకా ఏమీ వినిపించలేదు. బెంటె కళ్ళు తుడుచుకోబోయింది.

“గెర్డా, కాస్త పక్కకు జరుగు. వెలుతురుకి అడ్డొస్తున్నావు,” అంది ఫ్రోదె గొంతు.

తర్వాత గోటితో చెక్కను గీకుతున్న చప్పుడు.

“ముద్ర! కాయ్, ఈ బల్ల ఎక్కడిది? దీనికి ముద్ర ఉంది! గెర్డా, నా కళ్ళజోడు... ఆ, నుదుటి మీదే ఉంది. ఫోను, నా ఫోను ఏదీ?”

జేబులోనే దొరికినట్టుంది. బల్ల కిందనుంచే ఆస్గర్‌తో మాట్లాడటం మొదలుపెట్టాడు. “అవును, కాల్చి వేసిన ముద్ర. లేదు, లేదు, ఇక్కడ ఏదో చిన్న ఫంక్షన్ జరుగుతోంది, నువ్వు రావచ్చు.”

గెర్డా అవతలి వైపునుంచి బయటికి పాకింది. జుట్టు చెదిరింది, మోకాళ్ళకు దుమ్ము. బెంటె చెయ్యి అందించబోతే వద్దంది. బల్ల అంచు పట్టుకుని తనే లేచింది. ఒక చెంచా తీసుకుని తన గ్లాసును తనే మోగించింది. ఆ తర్వాత తన కుర్చీ వదిలేసి, ఫ్రోదె కోసం వేసిన కుర్చీ మీదికి, కొత్త బూట్లతో ఎక్కింది. కాగితం తాళ్ళు కిర్రుమన్నాయి.

“ఏంటా చప్పుడు?” అన్నాడు కిందనుంచి ఫ్రోదె.

బెంటె పక్క కుర్చీ ఎక్కి గెర్డాను రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకుంది. మేమంతా లేచి, కిటికీ అద్దాలు అదిరేలా హుర్రే కొట్టాం.

ఫ్రోదె తలకు బల్ల తగిలించుకుంటూ పైకొచ్చాడు. తన కుర్చీ మీద బూట్లు కనిపించి ఉండాలి. కానీ అతని కళ్ళు కాయ్‌ని వెతుకుతున్నాయి.

“కాయ్, ఈ బల్ల నాకిచ్చెయ్. ఏం కావాలంటే అది ఇస్తాను.”

“అది బట్టలుతికే గదిలోది నాయనా. మా మామగారిది. దాని మీద చేపలు కోస్తాం.”

“చేపలా!” ఫ్రోదె గుండె పట్టుకున్నాడు.

కాయ్ తలెత్తి గెర్డా వైపు చూశాడు. “వట్టి చేతులతో వచ్చామని మా ఆవిడ పొద్దుటినుంచి సణుగుతోంది. గెర్డా, ఈ బల్ల నీకు బహుమతి. మీ ఇద్దరికీ కాదు. నీకు. అందరూ విన్నారుగా?”

“విన్నాం!”

“నేనూ విన్నాను. ఇంత ఎత్తునుంచి అన్నీ బాగా వినిపిస్తున్నాయి,” అంది గెర్డా. ఆవిడ వెంటనే దిగలేదు. పైనే నిలబడి ఇంకో గ్లాసు తాగింది.

ఆ బల్ల ఇప్పుడు గెర్డా వంటింట్లో ఉంది. ఆవిడ దాన్ని తిరగెయ్యనివ్వదు, సబ్బునీళ్ళు తగలనివ్వదు, ముందు గదిలోకి పోనివ్వదు. ఫోటో తీసుకోవడానికి ఆస్గర్ వస్తే, భోజనం చేస్తున్నాను, తర్వాత రమ్మని చెప్పింది. అతను ఎప్పుడొచ్చినా ఆవిడ భోజనమే చేస్తోంది.

ఫ్రోదె బతిమాలాడు, అలిగాడు. చివరికి మంచితనంలోకి దిగాడు. పొద్దున్నే ఆవిడకు కాఫీ కలిపి తెస్తున్నాడు. తుంటినొప్పి ఎలా ఉందని అడుగుతున్నాడు. శుక్రవారాలు పూలు తెస్తున్నాడు. చెయ్యి పట్టుకుని ఊరి పక్క ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున నడిపిస్తున్నాడు. అలా వెళ్తున్న వాళ్ళను చూసి కొత్తగా వీధిలోకి వచ్చిన జంటలు ముచ్చటపడుతున్నాయి.

“పాపం, ఇంత చేస్తున్నాడు. బల్ల ఇచ్చేస్తావా ఏంటి?” అని బెంటె అడిగింది.

గెర్డా ఆ బల్ల మీదే ఉల్లిపాయలు కోస్తోంది.

“ఇచ్చేస్తే మళ్ళీ నా తుంటి సంగతి ఎవరడుగుతారే?” అని ఇంకో ఉల్లిపాయ తీసుకుంది.