మంగుళూరు నుంచి బందరుకు పదడుగుల సర్ఫ్ బోర్డు

మా ఆడపడుచు సుధ ఉండేది విజయవాడలో బుడమేరు వాగు పొంగితే ముందుగా మునిగే పేటల్లో ఒకదానిలో. వరద వచ్చిన ఏడాది ఆమె, ఆమె అత్తగారు మూడు రోజుల పాటు పై అంతస్తు వాళ్ళింట్లో తలదాచుకున్నారు. కింద వీళ్ళ పోర్షన్లో నీళ్ళు కిటికీల పైదాకా వచ్చాయి. నీళ్ళు పోయాక సుధ ఇల్లు కడుక్కుంది, పుస్తకాలు ఎండబెట్టుకుంది, తను పనిచేసే స్కూలుకు ఎప్పటిలాగే వెళ్ళింది. బాగానే ఉందనుకున్నాం. కానీ మంగళగిరిలో ఉన్న మా అత్తగారిని చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా, కారు కృష్ణ మీద వారధి ఎక్కగానే నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకునేది. అవతలి ఒడ్డు వచ్చిందని నేను చెబితేనే తెరిచేది.

కిందటి డిసెంబరులో మావారికి మంగుళూరులో ఆఫీసు పని పడితే, నేను సెలవు పెట్టి సుధను కూడా తీసుకెళ్ళాను. అక్కడికి గంట దూరంలో, నది సముద్రంలో కలిసేచోట సర్ఫింగ్ నేర్పే మాస్టారు ఒకాయన ఉన్నారు. నేను నేర్చుకుంటుంటే సుధ ఒడ్డున కూర్చుంటుందన్నది మా ఒప్పందం. రెండో రోజు ఆ మాస్టారు తన దగ్గరున్న బోర్డులన్నింటిలోకీ పెద్దదాన్ని తెచ్చి మోకాలి లోతు నీళ్ళలో పెట్టి, "ఊరికే పడుకోండి, నేను వదలను" అన్నారు. పది అడుగుల పొడవు, మంచమంత నిలకడ. సుధ దాని మీద పడుకుంది. అరగంట దాకా లేవలేదు. మూడో రోజు తనే చేతులతో నీళ్ళు తోసుకుంటూ పది గజాలు వెళ్ళింది. అంతకన్నా చిన్న బోర్డు ఇస్తే మాత్రం కాలు పెట్టనంది. ఎలాగూ పాతబడింది, మార్చేద్దామనుకుంటున్నానని మాస్టారు అనడంతో ఆ బోర్డునే కొనేశాం. దాన్ని విజయవాడకు తేవడం ఎలా అన్నది కొన్నాకే ఆలోచించాం.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. ఏడెనిమిది అడుగులు దాటిన వస్తువును బస్సు పార్సిళ్ళవాళ్ళు ముట్టుకోరు. రైల్లో వేద్దామంటే మధ్యలో బండి మారాలి, ప్లాట్‌ఫాం మీద ఎండలో ఎన్ని గంటలుంటుందో ఎవరూ చెప్పలేదు. సర్ఫ్ బోర్డు చూడ్డానికి గట్టిగా ఉంటుంది కానీ, లోపలంతా నురుగులాంటి తేలిక పదార్థం, పైన పల్చటి ఫైబర్ పొర మాత్రమే. ఎండలో ఎక్కువసేపు ఉంటే లోపలిది ఉబ్బి పై పొర విడిపోతుంది. మీద బరువు పడితే గుంట పడుతుంది. ముక్కు, తోక, అంచులు ఎక్కడ తగిలినా పగులుతాయి. చివరికి బెంగళూరులో లారీ మార్చి విజయవాడకు చేర్చే ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నాలుగువేల ఎనిమిది వందలకు బుక్ చేశాం. కింద ఉండే రెక్కలు విప్పి, దుప్పట్లు చుట్టి, అట్టపెట్టెలు కోసి అతికించి, పైన బరువు పెట్టవద్దని నాలుగు భాషల్లో రాశాం. నాలుగు రోజుల్లో వస్తుందన్నారు.

పదకొండు రోజులైంది. మొదటి వారం రోజూ నేనే ఫోన్ చేశాను. ఎనిమిదో రోజు నుంచి సుధ చెయ్యడం మొదలుపెట్టింది. ఆ బిల్లు నంబర్లో పది అడుగుల బోర్డేదీ లేదని బెంగళూరు వాళ్ళు, బెంగళూరు నుంచి రాలేదని విజయవాడ వాళ్ళు. ఇక ఆశ వదులుకున్నాక, ఒక శుక్రవారం సాయంత్రం ఆటోనగర్ గోడౌన్ నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, మీ తలుపొచ్చిందండి. రేపు పొద్దున్నే తీసుకెళ్ళిపోండి, ఇక్కడ స్థలం లేదు."

తలుపేమిటో నాకు అర్థం కాలేదు. సుధకు మాత్రం వెంటనే అర్థమైంది. "మనదే వదినా, పద" అంది.

శనివారం ఆరున్నరకు మేమిద్దరం పటమటలోని మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళాం. గోడౌన్ గుమాస్తా బిల్లు చూపించాడు. బెంగళూరులో లారీ మార్చేటప్పుడు సర్ఫ్ బోర్డంటే ఏమిటో తెలియక వస్తువు పేరు దగ్గర డోర్ అని రాశారు. అందుకే ఫోన్లో అడిగితే ఎవరికీ దొరకలేదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. దాన్ని లోపలి నుంచి మోసుకొచ్చిన అప్పారావు అనే హమాలీ ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"తలుపులైతే అడుగున వేసేస్తామండి. దీని మీద నీటి మోటార్లు వేసుకొచ్చారు. నేనే దింపానండి నిన్న."

అట్టలు నలిగి ఉన్నాయి. మేం రాసిన నాలుగు భాషలూ కింది వైపుకు పోయాయి. సంతకం పెట్టమని గుమాస్తా పుస్తకం నా ముందుకు జరిపాడు.

"విప్పి చూశాక పెడతానండి" అన్నాను.

"అలా కుదరదు మేడం. ముందు సంతకం, తర్వాత సరుకు."

"సరుకు బాగుంటే ఒక్క నిమిషం పని. బాగాలేకపోతే ఏం పాడైందో రాసి పెడతాను. అంతేనండి."

అతను తల పట్టుకున్నాడు కానీ కాదనలేదు. అప్పారావు కత్తితో తాళ్ళు కోశాడు. ముక్కు బాగానే ఉంది. మధ్యలో ఏమీ కాలేదు. తోకకు రెండడుగుల ఇవతల, కుడి అంచు మీద, నా పిడికిలంత మేర ఫైబర్ పగిలి లోపలికి కుంగిపోయింది. అందులోంచి తెల్లటి నురుగు కనిపిస్తోంది. సుధ ఆ పగులు మీద వేళ్ళు పెట్టి తడిమి చూసింది. గోడవైపు తిరిగి నిలబడింది. ఆ బోర్డు ఇక బాగుపడదంటే ఇక ఆమె నీళ్ళ దగ్గరకు రాదని నాకు అక్కడే తెలిసిపోయింది. ఆ పుస్తకంలోనే దెబ్బ తగిలినచోటు, సైజు రాసి, ఫొటోలు తీసి సంతకం పెట్టాను. బిల్లు అడుగున, జరిగే నష్టానికి పూచీ సొంతదారుడిదేనని చిన్న అక్షరాల్లో ఉందని అప్పుడే చూశాను.

అప్పారావు వెళ్ళిపోకుండా అక్కడే నిలబడి చూస్తున్నాడు.

"అమ్మా, మా బావ నాంచారయ్య బందరు దగ్గర గిలకలదిండిలో బోట్లకి ఫైబర్ పని చేస్తాడండి. చేపల బోటు చీలితేనే అతికిస్తాడు. ఇది ఎంతండీ?"

సుధ ఇటు తిరిగింది.

బందరుకు వెళ్ళాలన్నది ఆ రోజు మా ఆలోచనలో లేదు. కానీ ఏడున్నరకల్లా ఆటోనగర్‌లోనే ఒక చిన్న ట్రాలీ వ్యాన్ మాట్లాడుకున్నాం. డ్రైవరు రమణ గారి అత్తగారి ఊరు బందరే కావడంతో, ఆ రాత్రికి అక్కడే ఉండి మర్నాడు మమ్మల్ని తీసుకొస్తానని రానూపోనూ ఐదువేలకు ఒప్పుకున్నారు. దుప్పట్లు పరిచి బోర్డు పెడితే మూడడుగులు వెనక్కి పొడుచుకొచ్చింది. చివర ఎర్రగుడ్డ కట్టారు. ఎండ తగలకుండా పైన తెల్ల దుప్పటి కప్పి, తాళ్ళు మరీ బిగించకుండా కట్టమని చెప్పాను.

"పేషెంటును తీసుకెళ్తున్నట్టుందండి" అన్నారు రమణ గారు.

"అలాగే తీసుకెళ్ళండి అన్నయ్య గారూ" అంది సుధ. పొద్దుటి నుంచి ఆమె నవ్వింది అప్పుడే.

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు డెబ్భై కిలోమీటర్ల లోపే. కారులో గంటన్నర చాలు. మేం నెమ్మదిగా వెళ్ళాం కాబట్టి రెండుంబావు గంటలు పట్టింది. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక పడి ఇరవై నిమిషాలు పాకాం. పామర్రులో ఇడ్లీ తింటూ కూడా సుధ వ్యాన్ కనిపించే బల్ల దగ్గరే కూర్చుంది. పామర్రు దాటాక రెండు వైపులా వరి కోసేసిన మళ్ళలో మినుము పచ్చగా పరుచుకుని ఉంది. ప్రతి గతుకుకూ రమణ గారు వేగం తగ్గించారు. వేరే ఏ రోజైనా ఆ దారంతా చూసుకుంటూ వెళ్ళేదాన్ని. ఆ రోజు వెనక అద్దంలో ఎర్రగుడ్డనే చూశాను.

నాంచారయ్య గారి షెడ్డు గిలకలదిండి హార్బరుకు వెళ్ళే దారిలోనే ఉంది. ఆయనకు అరవై ఉంటాయి. బోర్డును రెండు స్టూళ్ళ మీద పెట్టించి, చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో కొట్టి చూశారు. ఫైబర్ అతికించే రెజిన్ జిగురు డబ్బా మూత తీసి, గుడ్డ కత్తిరించడం కూడా మొదలుపెట్టారు. ఇక అయిపోయిందనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన ఉన్నట్టుండి ఆగి, పగుల్లోంచి శనగగింజంత నురుగు ముక్క గోటితో తీశారు.

"ఇది తర్మాకోలేనామ్మా?"

"అలాంటిదేనండీ."

ఆ ముక్కను రేకు మీద పెట్టి పుల్లతో ఒక్క చుక్క రెజిన్ వేశారు. మేం చూస్తుండగానే ఆ ముక్క కుంచించుకుపోయి, జిగురు ముద్దలా మారిపోయింది. సుధ నా భుజం పట్టుకుంది.

"పోసేవాణ్ణేనమ్మా. పోసుంటే లోపలంతా తినేసేది. మీకు పై చిప్ప మిగిలేది" అన్నారు నాంచారయ్య గారు. డబ్బా మూత పెట్టేసి, నెమ్మదిగా చెప్పారు. "కొత్తల్లో ఒకాయన తర్మాకోలు ఐసు పెట్టెకి ఫైబర్ వెయ్యమంటే ఇదే పోసి పాడుచేశాను. అప్పటినుంచీ తెలియని సరుకైతే చుక్కేసి చూస్తా."

"మరి దీనికి దారేమిటండీ?" అని అడిగింది సుధ.

"ఎపాక్సీ అని వేరే ఉందమ్మా, అది తర్మాకోలుని ఏమీ చెయ్యదు. బోట్లకి ఖరీదెక్కువని నేను వాడను. కోనేరు సెంటర్ దగ్గర హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి."

రమణ గారు, నేను వెళ్ళి మూడు షాపులు తిరిగాం. మూడో దాంట్లో దొరికింది, తొమ్మిది వందలు. నాంచారయ్య గారు దాన్నీ ముందు ఒక ముక్క మీద చుక్క వేసి పావుగంట చూశారు. ముక్క అలాగే ఉంది. అప్పుడు పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, చిక్కబడడానికి పొడి కలిపిన ఎపాక్సీతో గుంట నింపి, పైన రెండు పొరల ఫైబర్ గుడ్డ వేసి చేత్తో నొక్కారు. పని మధ్యాహ్నం రెండుకు అయిపోయింది. పదిహేను వందలు తీసుకున్నారు.

"ఇవాళ నీళ్ళు చూపించొద్దు. రేపు ఆరింటికి రండి, రుద్ది ఇస్తా" అన్నారు.

బందరు బస్టాండు దగ్గర లాడ్జిలో పన్నెండు వందలకు గది తీసుకున్నాం. రేపు చర్చికి రావడం లేదని మంగళగిరిలో అత్తయ్యకు ఫోన్ చేసి చెప్పాం. ఎందుకు రావడం లేదో మాత్రం సుధ చెప్పనివ్వలేదు.

ఆదివారం ఆరింటికి వెళ్ళేసరికి నాంచారయ్య గారు అతుకును నున్నగా రుద్ది, తడిగుడ్డతో తుడిచి ఉంచారు. గోటితో నొక్కితే రాయిలా ఉంది. మంగినపూడి బీచికి అక్కడి నుంచి అరగంట. అల చూసి చెబుతానంటూ ఆయనే వ్యాన్‌లో మాతో వచ్చారు. అక్కడ సముద్రం చాలా దూరం దాకా లోతు లేకుండా ఉంటుంది, అలలు చిన్నవి. అయినా ఏ వైపు లాగుతుందో తెలిసినవాళ్ళను అడగకుండా దిగకూడదు. ఆయన కాసేపు చూసి, ఎడమ పక్కకు పోవద్దన్నారు. వల దులుపుకుంటున్న ఒక ముసలాయన దగ్గరకొచ్చి, "దీంతో ఏం పడతారండీ?" అని అడిగాడు.

"ఏమీ పట్టమండి. ఊరికే దీని మీద పడుకుంటాను" అంది సుధ. ఆయన కాదనకుండా తలూపాడు.

నాంచారయ్య గారు తెచ్చిన లైఫ్ జాకెట్ వేసుకుని, బోర్డు తాడు చీలమండకు కట్టుకుని సుధ దిగింది. నేను పక్కనే నడుం లోతులో నడిచాను. బోర్డు మీద పడుకుని చాలాసేపు కదల్లేదు. తర్వాత చేతులతో నీళ్ళు తోసుకుంటూ ముందుకు వెళ్ళి, ముక్కు ఒడ్డువైపు తిప్పుకుంది. వెనకనుంచి మోకాలెత్తు అల ఒకటి వచ్చి బోర్డును పైకెత్తింది. నేను పట్టుకోబోయాను.

"వదిలెయ్ వదినా" అంది.

వదిలేశాను. అల ఆమెను ముప్పై గజాలు తీసుకెళ్ళి ఇసుక మీద మెత్తగా దింపింది. పడుకునే ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. నాంచారయ్య గారు ముందుగా అతుకు దగ్గర చెవి పెట్టి బోర్డును ఊపి చూశారు. లోపల నీటి చప్పుడు లేదు. అప్పుడు ఆమెకు లేవడానికి చెయ్యిచ్చారు.

మళ్ళీ విజయవాడకు మోసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి, మళ్ళీ భయపడే పని కూడా ఆయనే తప్పించారు. ఎండ తగలని షెడ్డు దూలాలకు రెండు బట్టల ఊయలలు కట్టి బోర్డును వేలాడదీశారు. మేం వచ్చినప్పుడు వాడుకుని, మళ్ళీ అక్కడే పెట్టొచ్చు.

తిరిగి వస్తూ నేను ఆ పదకొండు రోజుల గురించే ఆలోచించాను. మంగుళూరు నుంచి ఆటోనగర్ దాకా ఎంతమంది చేతులు మారిందో నాకు తెలియదు. వాళ్ళలో ఎవరూ మాకు చెడు చెయ్యాలనుకోలేదు, తమ చేతిలో ఏముందో తెలియక చేశారంతే. తెలియని వస్తువును అడుగున వేసినవాళ్ళూ ఉన్నారు, తెలియని వస్తువు కాబట్టే ఒక్క చుక్క వేసి చూసినాయనా ఉన్నారు. ఆ రెండో మనిషి దగ్గరకు చేరాం కాబట్టి గట్టెక్కాం. ఇంత పెద్ద బోర్డును దూరం పంపించడం ఇప్పటికీ ప్రమాదమే అంటాను. వీలైతే చేరేచోటే కొనుక్కోండి. పంపక తప్పకపోతే ఒక్క మాట వినండి: బుక్ చేసినచోటా, లారీ మారేచోటా వస్తువు పేరు దగ్గర ఏం రాశారో మీ కళ్ళతో చూడండి, లేదా ఫొటో తెప్పించుకోండి. పగిలే సరుకు, పైన బరువు పెట్టకూడదు అన్న మాట అట్టపెట్టె మీద కాదు, బిల్లులోనే ఉండాలి. లారీ ఎక్కించేవాళ్ళు చదివేది దాన్నే.