టై కట్టుకున్న నాన్న

మా ఆయన కోటు తీద్దామని బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఇంత వయసొచ్చాక కూడా ఆ వాసనంటే నాకు భయం. అది పొదిలి బస్టాండు వెనక మస్తాన్ గారి ఫోటో స్టూడియో వాసన. కలరా ఉండలు, మొహానికి పూసే పౌడరు, ఎంతమంది తొడిగి విడిచారో తెలియని నల్లకోటు చెమట, చీకటిగదిలోంచి వచ్చే మందునీళ్ల పులుపు, అన్నీ కలిసిన వాసన.

తొంభైల చివర మా పల్లెల్లో టై అంటే ఆ కోటు పక్కన మేకుకి వేలాడే ఎర్రచారల గుడ్డ ఒక్కటే. పెళ్లి సంబంధానికి పంపే ఫోటో అయితే మస్తాన్ గారు మెడ కింద బూరెలాగా లావుపాటి ముడి వేసేవారు. ఉద్యోగం దరఖాస్తుకైతే సన్నగా, బిగుతుగా, పై గుండీ కనపడకుండా కట్టేవారు. పోయినవాళ్లకి కట్టే పనే లేదు. రేషన్ కార్డు ఫోటోలోంచో, పెళ్లినాటి గుంపు ఫోటోలోంచో తల కత్తిరించి, కోటూ టై ఉన్న ఒక బొమ్మ మెడ మీద అతికించి, మళ్లీ ఫోటో తీసి పెద్దది చేసి ఇచ్చేవారు. అందుకే బతికినన్నాళ్లూ భుజాన తువ్వాలు తప్ప ఎరగని రైతులు గోడెక్కాక మాత్రం కలెక్టర్లలాగా ఉండేవారు. అందరికీ ఒకటే ముడి, నడుమ ఒకటే సొట్ట.

ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. మందు కొట్టినకొద్దీ పురుగు బలిసింది, కాయలు గుల్లలై రాలాయి, తినే అన్నంలో కూడా మందు వాసనే తగిలేది. పక్కింటి సుబ్బయ్య పెదనాన్న చేలో ఆ మందే తాగి చనిపోయాడు. దినం నాటికి టై కట్టుకుని గోడ మీదికొచ్చాడు. ఆ ఫోటో ఎదురుగా కూర్చునే మేం గారెలు తిన్నాం. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

కొద్దిరోజులకి నాన్న పుస్తకాలు కొనిపెడతానని నన్ను పొదిలి తీసుకెళ్లి, ముందు స్టూడియో మెట్లెక్కాడు. మస్తాన్ గారు కోటు తొడిగించి, టై చేతిలో పట్టుకుని అడిగారు.

"దేనికి బావా ఫోటో? బ్యాంకోళ్లకా?"

"కాదులే. గోడకి."

"అప్పుడే గోడకేంది బావా!" అని మస్తాన్ గారు నవ్వారు. నాన్న నవ్వలేదు. ముడి మెల్లగా పైకి జరిగి నాన్న గొంతు దగ్గర ఆగింది. నడుమ సొట్ట పడింది. అచ్చం సుబ్బయ్య పెదనాన్న ముడే. నేను నిలబడ్డచోటే గౌను తడుపుకున్నాను.

ఆ ఫోటో వచ్చాక నాన్న దాన్ని గోడకి పెట్టలేదు, ట్రంకుపెట్టె అడుగున దాచాడు. అది చూశాక నా భయం రెట్టింపయింది. ఇక ఆయన్ని వదల్లేదు. అట్లతద్దికి ఊళ్లో ఆడపిల్లలంతా తెల్లవారుజామునే గోంగూర పచ్చడితో చద్దన్నం తిని ఉయ్యాలలెక్కితే నేను పత్తిచేను గట్టు మీద కూర్చున్నాను. కడుపునొప్పని సగం రోజులు బడి ఎగ్గొట్టాను. టీకొట్టుకి వెళ్తే వెంట, వాగుకి వెళ్తే వెంట, పిచికారీకి మందు కలుపుతుంటే మరీ దగ్గరగా.

"ఇదేందే, పాలు మరవని దూడలాగా అయ్య ఎంట పడింది!" అని నాయనమ్మ ఎగతాళి చేసేది. అమ్మ వీపు మీద రెండు వేసింది. అయినా ఎవరికీ చెప్పలేదు. నోటితో అంటే నిజమైపోతుందని భయం. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఊరంతా తుమ్ముతున్న రోజుల్లో, నాన్న ఎవరితోనో పరాచికాలాడుతూ గట్టిగా నవ్వడం విన్నాక గాని నా ప్రాణం కుదుటపడలేదు.

ఇప్పుడు ఆ స్టూడియో సెల్‌ఫోన్ల కొట్టయింది. మస్తాన్ గారు లేరు. పోయినవాళ్లకి కోటేం ఖర్మ, వెనకాల జలపాతం కూడా కంప్యూటరే పెడుతోంది. నాన్న మాత్రం ఉన్నాడు. ఈమధ్య మా ఇంటికొచ్చినప్పుడు ధైర్యం చేసి, ఆ రోజు గోడకని ఎందుకన్నావని అడిగాను. ఆయన వక్క నోట్లో వేసుకున్నాడు.

"దానికే తీయించానమ్మా. తలకాయ కత్తిరించి అతికించే పని మీకు పెట్టటం దేనికని," అన్నాడు. "నువ్వేమో ఒక్క పూట ఒదిలితేగా! బిడ్డ చూస్తా ఉంటే ఎట్టా తాగేది?"