తిల్దా వంతెన కింద ఖాళీ లారీ

2004 అక్టోబరు మొదటి వారంలో నన్ను రాయ్‌పూర్ డిపోలోని వ్యాన్ల విభాగం నుండి భారీ వాహనాల విభాగానికి మార్చారు. మాది ప్రభుత్వ రంగంలోని పార్సిల్ రవాణా సంస్థ. అందులో డ్రైవర్లు రెండు తరగతులు. వ్యాను డ్రైవరు స్టేషన్ పార్సిల్ ఆఫీసుకూ ఊళ్ళోని దుకాణాలకూ మధ్య తిరుగుతాడు. లారీ డ్రైవరు జిల్లా రూట్లకు వెళతాడు. మొదటి తరగతి నుండి రెండవ తరగతికి వెళ్ళాలంటే ట్రేడ్ టెస్టు నెగ్గాలి. నిండు లోడుతో ఉన్న లారీని ఎత్తు రోడ్డు మీద ఆపి, ఒక్క జానెడు కూడా వెనక్కి జారకుండా తిరిగి కదిలించడం ఆ పరీక్షలో ముఖ్యమైన అంశం. నాలుగేళ్ళు వ్యాను నడిపిన తరువాత ఆ పరీక్ష నెగ్గాను. లారీ తాళాలు చేతికి వచ్చిన ఉదయం నాకు కలిగిన ఉత్సాహానికి కొలత లేదు. కొలత లేని వాటి గురించి రాయడం నా పద్ధతి కాదు గనుక దానిని ఇక్కడితో వదిలిపెడతాను.

నాకు ఇచ్చినది ఇనుప రేకులతో నాలుగు వైపులా, పైనా మూసిన బాడీ గల లారీ. ఆ బాడీని భన్‌పురిలోని ఒక వర్క్‌షాపులో కట్టించారు. క్యాబిన్ లోపల, అద్దం పైన తెల్ల రంగుతో 'ఎత్తు 3.56 మీ.' అని రాసి ఉంది. మా సంస్థ ప్రతి లారీలోనూ ఈ అంకె రాయించేది. వంతెనలు, రైల్వే గేటు తీగలు, మిల్లు ద్వారాలు దాటవలసిన ప్రతిచోటా డ్రైవరు తల ఎత్తి చదువుకోవలసినది ఆ అంకెనే. నేను మొదటి రోజే దానిని కంఠస్థం చేశాను.

అదే నెల మూడవ వారంలో తిల్దాకు ట్రిప్పు పడింది. కొత్త ధాన్యం మార్కెట్టుకు రావడానికి ఇంకా పది రోజులే ఉన్నాయి. అక్కడి ఒక రైస్ మిల్లుకు చేరవలసిన పోత ఇనుప యంత్ర భాగాలు రైల్లో రాయ్‌పూర్‌కు వచ్చాయి. మొత్తం ఆరు టన్నులు. వాటిని దింపి, తిరుగు ప్రయాణంలో మిల్లు పక్క వీధి నుండి ఇరవై పెట్టెలు ఎక్కించుకుని, సాయంత్రం నాలుగు గంటలలోపు రాయ్‌పూర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో అప్పగించాలని ఆదేశం. పెట్టెల్లో ఉన్నవి ఆ ఉదయమే గుడ్డు నుండి బయటపడిన కోడిపిల్లలు, పెట్టెకు వంద.

వాటిని పంపుతున్నది గంగమ్మ. విజయనగరం వైపు నుండి వచ్చిన రైల్వే కుటుంబం వారిది. భర్త తిల్దా లెవెల్ క్రాసింగ్ వద్ద గేట్‌మన్. మహిళా సంఘం తరఫున గుడ్లు పొదిగే యంత్రం ఒకటి ఆమెకు పరీక్షార్థం ఇచ్చారు. మొదటి విడత పిల్లలు ప్రాణాలతో విజయనగరంలోని కొనుగోలుదారుకు చేరితే యంత్రం ఆమె వద్దనే ఉంటుంది, చేరకపోతే మరో సంఘానికి పోతుంది. అప్పుడే గుడ్డు నుండి వచ్చిన పిల్ల, పొట్టలో మిగిలిన పచ్చసొన మీద రెండు రోజులు మేత లేకుండా బతుకుతుంది. రైలు పార్సిల్ బోగీలో ఆ సాయంత్రానికి చోటు ఖరారైంది. మళ్ళీ చోటు దొరికేది మూడు రోజుల తరువాతే.

నాతో బిసాహూ అనే లోడింగ్ సహాయకుడు వచ్చాడు. యాభై దాటిన ఛత్తీస్‌గఢీ మనిషి, ఆ రూటులో నాకంటే పాతవాడు. మామూలుగా లారీలు లెవెల్ క్రాసింగ్ మీదుగా పట్టాలు దాటి మిల్లుకు వెళతాయి. ఆ రోజు అక్కడ పట్టాలు మారుస్తున్నారు. గేటు మూసేశారు, లోకల్ రైళ్ళను కూడా రద్దు చేశారు. మిగిలిన దారి పట్టాల కింద ఉన్న పాత వంతెన ఒక్కటే. వంతెనకు రెండు వైపులా, ఎత్తైన వాహనాలు లోపలికి పోకుండా రెండు స్తంభాల మీద అడ్డంగా ఇనుప కమ్మీ బిగించి ఉంది. దాని మీద '3.60 మీ.' అని రాసి ఉంది.

నిబంధన ప్రకారం కమ్మీకి ముందు బండి ఆపాను. బిసాహూ దిగి పక్కన నిలబడి చూశాడు. మూడు వేళ్ళ సందు ఉందని చేయి చూపాడు. మూడు అరవైలో మూడు యాభై ఆరు పోతే నాలుగు సెంటీమీటర్లు, మూడు వేళ్ళ కంటే కొంచెం తక్కువ. అంకె, కన్ను దాదాపు ఒకే మాట చెప్పాయి. మెల్లగా దాటాము.

మిల్లులో చెయిన్ కప్పీలతో సరుకు దింపేసరికి పన్నెండున్నర. గంగమ్మ పెట్టెలతో సిద్ధంగా ఉంది. ఇరవై పెట్టెలు ఎక్కించాక లారీ లోపల రెండు వేల గొంతులు ఒకేసారి కూయడం మొదలుపెట్టాయి. ఆ హోరులో ఇంజను చప్పుడు కూడా సరిగా వినబడలేదు.

"బాబూ, గుంతలున్నకాడ కూసింత నెమ్మదిగా," అంది ఆమె. "ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అవి నా బిడ్డలు కావు గానీ, ఇరవై ఒక్క రోజులు నిద్దర్లేకుండా కాసేను."

తిరిగి వంతెన దగ్గరకు వచ్చి కమ్మీకి ముందు ఆగాను. బిసాహూ దిగాడు. ఈసారి చేయి చూపలేదు. నా తలుపు దగ్గరకు వచ్చి, "గాడీ హ ఊంచ్ హోగే," అన్నాడు. బండి ఎత్తు పెరిగిందట.

నేను నమ్మలేదు. దిగి చూశాను. బాడీ ముందు అంచు కమ్మీ కిందకు వస్తోంది. వెనుక అంచు మాత్రం కమ్మీకి పైన ఉంది. కారణం అప్పుడు కనిపించింది. ఆరు టన్నుల బరువు కింద వంగి ఉన్న వెనుక కమాను పట్టీలు, అంటే స్ప్రింగులు, బరువు దిగగానే విల్లులా లేచాయి. ఖాళీ లారీ ముక్కు వంచి, తోక ఎత్తి నిలబడుతుంది. క్యాబిన్‌లో రాసిన అంకె తప్పు కాదు. అది లోడుతో ఉన్నప్పటి అంకె. బాడీ కట్టాక, ట్రిప్పు నుండి తిన్నగా వచ్చిన బండిని సరుకు దింపకుండానే కొలిచి రంగు వేశారని తరువాత తెలిసింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా టైర్లలో గాలి తీయవచ్చు కదా అని అడిగేవారు ఉంటారు. వెనుక నాలుగు టైర్లు. పెరిగిన ఎనిమిది సెంటీమీటర్లలో సగం దించాలన్నా అవి దాదాపు చదునుగా కావాలి. అవతలి వైపు గాలి కొట్టే దుకాణం రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఖాళీ టైర్ల మీద అంత దూరం పోతే రిమ్ములు టైర్లను కోసేస్తాయి. వేరే బండి కోసం మిల్లు ఫోను నుండి డిపోకు ఫోను చేశాను. ఉన్న రెండు లారీలూ మందిర్ హసౌద్ వైపు వెళ్ళాయని, సాయంత్రానికి గాని తిరిగి రావని చెప్పారు. మిల్లులో బియ్యం బస్తాలు గుట్టలుగా ఉన్నాయి. నలభై బస్తాలు అరువు ఇమ్మని అడిగాను. అది ప్రభుత్వానికి లెక్క చెప్పవలసిన సరుకనీ, గేటు పాస్ లేకుండా ఒక్క బస్తా గడప దాటినా తన లైసెన్సు పోతుందనీ యజమాని ఖచ్చితంగా చెప్పాడు. ఆయన మాటలో తప్పు లేదు.

అప్పటికి ఒంటిగంట. బండి వెనుకే నడిచి వచ్చిన గంగమ్మ కమ్మీ వైపూ, నా వైపూ మార్చి మార్చి చూస్తోంది. పట్టాల మీద పని ఆపి భోజనాలకు కూర్చున్న గ్యాంగు మనుషులు కట్ట దిగి చుట్టూ చేరారు. వారి నాయకుడిని గ్యాంగ్ మేట్ అంటారు. అతని పేరు అప్పన్న, గంగమ్మలాగే మా విజయనగరం వైపు మనిషి. భారీ శరీరం.

"ఏటి డ్రైవరు బాబూ, బండి పొద్దున కన్నా పెరిగిపోనాది? మిల్లోడు మంచి తిండి ఎట్టినట్టున్నాడే!" అన్నాడు.

గంగమ్మకు కోపం వచ్చింది. "నవ్వుతావేటి మావా? ఈ బండికిప్పుడు బరువు కావాల. బస్తాలివ్వనంటన్నాడు మిల్లోడు. నీ పొట్టొకటీ నీ గ్యాంగొకటీ ఉన్నాయి కదా, బస్తాల్లాగే ఉన్నారు, ఎక్కి కూకోండి!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. సగటున ఒక మనిషి యాభై అయిదు కిలోలు. గ్యాంగు, మిల్లు హమాలీలు కలిపి అరవై మంది అంటే మూడు వేల మూడు వందలు, ఆరు టన్నుల్లో సగానికి పైనే. సరుకు రవాణా వాహనంలో మనుషులను ఎక్కించరాదని నిబంధన ఉంది. నేను అప్పటి వరకు దానిని ఒక్కసారి కూడా మీరలేదు. దూరం ఇరవై మీటర్లు, వేగం నడక కంటే తక్కువ. జరిగినది జరిగినట్టు నా ట్రిప్పు నివేదికలో నేనే రాస్తానని నిశ్చయించుకుని, బిసాహూతో తలుపులు తెరవమన్నాను.

అక్కడి నుండి అరగంట పాటు నేను చూసినది నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు. ముందుగా కోడిపిల్లల పెట్టెలు దింపాము. గంగమ్మ సంఘంలోని ఆడవాళ్ళు వాటిని తల మీద పెట్టుకుని, ఒకరి వెనుక ఒకరుగా వంతెన కింద నుండి అవతలికి నడిచారు. కిచకిచలు వంతెన గోడలకు తగిలి రెట్టింపయ్యాయి. ఇటు గ్యాంగు మనుషులు, మిల్లు హమాలీలు ఒక్కొక్కరే లారీ ఎక్కసాగారు. నేను ఒక వెదురు కర్రకు కమ్మీ ఎత్తు దగ్గర గీత గీసి, దానిని బాడీ వెనుక మూలకు ఆనించి పట్టుకున్నాను. ఇరవై మంది ఎక్కారు, అంచు ఒక వేలు దిగింది. నలభై మంది ఎక్కారు, మరో వేలు. యాభై ఎనిమిది మందితో గ్యాంగు, హమాలీలు అయిపోయారు. అంచు గీతకు ఇంకా పైనే ఉంది.

"ముందుకు కాదు, వెనక్కి రండి! అందరూ తలుపు దగ్గరికి జరగండి!" అని అరిచాను. వెనుక ఇరుసు దాటి నిలబడిన మనిషి బరువు తోకను ఎక్కువగా నొక్కుతుంది. లోపల తోపులాట, తిట్లు, ఎవరి కాలో ఎవరో తొక్కారు. అంచు గీత మీదకు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. సందు లేదు.

అప్పన్న అప్పటిదాకా కింద నిలబడి అజమాయిషీ చేస్తున్నాడు. గంగమ్మ అతని వైపు చూసి, "అసలు బస్తా కిందే ఉండిపోనాది," అంది.

"నన్నెక్కించడానికి కప్పీ తెండర్రా," అంటూ అతను తలుపు పట్టుకుని పైకి లేచాడు. బిసాహూ, హమాలీల వెనుకే వచ్చిన మిల్లు యజమాని, చివరికి మూసి ఉన్న తన గేటును తోడువాడికి అప్పగించి వచ్చిన గంగమ్మ భర్త వెనుక నుండి నెట్టారు. ఆ పైన బిసాహూ మినహా మిగిలిన ఇద్దరినీ నేనే ఎక్కమన్నాను. గోదాము గడప దాటని బస్తాల యజమాని స్వయంగా తోక చివర నిలబడ్డాడు. బిసాహూ బాడీ వెనుక మూల పక్కన రాయి మీద నిలబడి, తన బీడీ ఒకదాన్ని పడుకోబెట్టి కర్ర మీది గీతకూ రేకు అంచుకూ మధ్య పెట్టి చూశాడు. అది పట్టింది. "హోగే!" అని, సరిపోయిందన్నట్టు కేక పెట్టాడు.

ఇక మిగిలిన ప్రమాదం ఒక్కటే. బండి ఊగితే కమాను పట్టీలు పైకి లేస్తాయి. ఎవరూ కదలకూడదు, నవ్వకూడదు అని చెప్పి మొదటి గేరులో క్లచ్చి మీద కదిలించాను. ముందు అంచు కమ్మీ దాటింది. బాడీ సగం దాటింది. చీకటిగా ఉన్న ఆ బాడీలో ఎవరో కొంటెవాడు 'కిచ్, కిచ్' అని కోడిపిల్లలా కూశాడు. నవ్వు ఆపుకుంటున్న అరవై మంది పొట్టలు ఒకేసారి అదరడం స్టీరింగులో నాకు తెలిసింది. "నోరుముయ్యండెహె!" అని అప్పన్న గర్జించాడు. రేకు మీద కమ్మీ ఒక్కసారి 'చర్'మని గీసుకుంది. తరువాత వెలుతురు వచ్చింది. అవతలి కమ్మీని కూడా అలాగే దాటి ఆగాను.

మనుషులు దిగారు, పెట్టెలు ఎక్కాయి. రెండు గంటలకు బయలుదేరాను. సిమ్గా మీదుగా రాయ్‌పూర్‌కు అరవై కిలోమీటర్లకు కొంచెం తక్కువ. గుంతలున్నచోట నెమ్మదిగా, లేనిచోట నిబంధన అనుమతించిన గరిష్ఠ వేగంతో నడిపాను. సిల్తరా వరకు అనుకున్న దానికంటే ముందే ఉన్నాను. భన్‌పురిలో లారీల వరుస ఇరవై నిమిషాలు తిన్నది. బిసాహూ దిగి, బండ్ల మధ్య నడుస్తూ, లోపల పసిపిల్లలున్నారని చెప్పి దారి ఇప్పించాడు. ఎవరి పసిపిల్లలో చెప్పలేదు. ఆ కూతలు విన్న ఒక డ్రైవరు, "ఎంతమంది భాయ్?" అని అడిగితే "దో హజార్" అన్నాడు. ఆ డ్రైవరు నోరు తెరిచి, బండి పక్కకు తీశాడు.

నాలుగుకు ఎనిమిది నిమిషాలు ఉండగా పార్సిల్ ఆఫీసులో ఇరవై పెట్టెలూ అప్పగించాను. గుమాస్తా పెట్టెలు తెరిపించి చూశాడు. చనిపోయినవి పదకొండు. దారిలో రెండు శాతం పోవడం మామూలేనని, ఇది సగం శాతాన్ని కొంచెమే దాటిందని అతనే అన్నాడు. మరునాడు విజయనగరం నుండి వచ్చిన కబురు రైల్వే ఫోను ద్వారా తిల్దా గేటుకు చేరింది. యంత్రం గంగమ్మ వద్దనే ఉండిపోయింది. తరువాతి ఏడేళ్ళలో ఆమె పెట్టెలను నేను చాలాసార్లు మోశాను, ఎప్పుడూ లెవెల్ క్రాసింగ్ మీదుగానే.

లారీలో మనుషులను ఎక్కించినందుకు డిపో మేనేజరు లిఖితపూర్వక సంజాయిషీ అడిగారు. జరిగినది అంకెలతో రాసి ఇచ్చాను. హెచ్చరిక జారీ చేశారు. అది నా సర్వీసు రికార్డులో నేటికీ ఉంది, నాకు అభ్యంతరం లేదు. అదే వారం ఆయన డిపోలోని లారీలన్నిటినీ ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి కొలిపించారు. నా క్యాబిన్‌లో పాత అంకెను చెరిపి రెండు అంకెలు రాశారు: 'ఖాళీ 3.64. లోడు 3.56.'

2019లో పదవీ విరమణ చేసేదాకా కొత్త డ్రైవర్లకు నేను మొదట చూపించినది ఆ రెండు అంకెలనే. అంకెలను నమ్మడం అప్పుడూ మానలేదు, ఇప్పుడూ మానలేదు. ఏ అంకె చూసినా, దానిని కొలిచినప్పుడు బండి మీద ఎంత బరువు ఉందో ముందుగా అడుగుతాను.