మూడో పిన్ను

కొత్త కంప్యూటర్ పెట్టె విప్పగానే ఒక వాసన వస్తుంది. అట్ట, ప్లాస్టిక్కు, చుట్ట విప్పని తీగల రబ్బరు, మూడూ కలిసిన వాసన. వెంటనే థర్మాకోల్ అట్టకు రాసుకుని కీచుమంటుంది. మొన్న నంద్యాలలో ఒక ఆడిటరుగారి ఆఫీసులో అలాంటి పెట్టె విప్పుతుంటే, ఆ కీచుకు అక్కడి గుమాస్తా చెవులు మూసుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళంతా పండగ. ఈ పనిలో పడి ఇన్నేళ్ళయినా ఆ వాసన తగలగానే నా చేతులు నిలవవు. ఎక్కడో ఉలి మోగినట్టుంటుంది, నోట్లో నల్లరాతి దుమ్ము కరకరలాడినట్టుంటుంది, ఆళ్లగడ్డ ఓబులాచారి గారు గడపలో నిలబడి "ఏందప్పా దావీదూ, ఇప్పితివా?" అని అడిగినట్టుంటుంది. ఆయన పోయి నాలుగేళ్ళవుతోంది. నన్నెరిగినవాళ్ళు నా మాటల్లో సగం తీసేసి వింటారు. మీరూ అలాగే తీసేయండి, నాకు కోపం రాదు. ఓబులాచారి గారి మాటలున్న చోట మాత్రం ఏమీ తీసేయకండి.

పన్నెండేళ్ళ కిందట నేను నంద్యాలలో ఆటో తోలేవాణ్ణి. ఒక కంప్యూటర్ల దుకాణం వాళ్ళు పెట్టెలను ఊళ్ళకు చేర్చే పని నాకిచ్చారు. ఒక మంగళవారం నా ఆటోలో ఆళ్లగడ్డకు ఒక పెట్టె వెళ్ళింది. శిల్పాలు చెక్కే పట్టెడ అది. వాకిట్లో సగం చెక్కిన నందులు, ముక్కు ఇంకా రాని ద్వారపాలకులు, పన్నెండుమంది పనివాళ్ళు, లేచే దుమ్ము. ఆ దుమ్ములో నా తెల్ల చొక్కా ఐదు నిమిషాల్లో నల్లబడి, పదో నిమిషానికి విగ్రహమైంది. ఇందులో సగం తీసేయండి. పట్టెడ పెద్ద ఓబులాచారి గారు. అరవై దాటిన మనిషి, నడుము ముందుకు వంగి గునపం వంచినట్టుండేవారు. చిన్నప్పటి నుంచీ రాతి మీదికి వంగి కూర్చున్న నడుము అది, ఇక లేవనని మొండికేసింది. ఆయన కూతురు వాణి నంద్యాలలో చదువుకుని, కంప్యూటర్ మీద కట్టడాల బొమ్మలు గీయడం నేర్చుకుని వచ్చింది.

కంప్యూటర్ ఎందుకు కొన్నారో పెట్టె దించుతుండగానే తెలిసిపోయింది. డోన్ వైపు ఒక ఊరివాళ్ళు గుడికి పదహారు స్తంభాల మండపం కట్టించాలనుకుంటున్నారు. కట్టబోయేదాన్ని ముందే తెర మీద తిప్పి చూపించాలన్నారు. శుక్రవారం వస్తామన్నారు. చూపించలేకపోతే పని ఇంకో పట్టెడకు పోతుంది. ఆ ఏడాదికి చేతిలో ఇంకో పెద్ద పని లేదు. అది పోతే ఈ పన్నెండుమందీ ఉలిసంచులు భుజాన వేసుకుని ఏ ఊరికో పోవలసిందే.

"బిగించేదానికి మనిషి ఎప్పుడొస్తాడన్నా?" అని వాణి అడిగింది.

దుకాణంలో ఉన్న ఒకే మెకానిక్కు సోమవారం దాకా తీరిక లేదు. ఆ మాట చెప్పి ఆటో ఎక్కేస్తే ఈ కథ లేదు. కానీ నా నోరు నాకంటే ముందు పుట్టింది. "నేనుండాను గదమ్మా. నా చేతిమీదుగా నాలుగొందల కంప్యూటర్లు పోయినాయి" అన్నాను. పోయిన మాట నిజమే, పెట్టెల్లోనే పోయాయి.

ఓబులాచారి గారు నన్ను పైనుంచి కిందకు, రాయిని చూసినట్టు చూశారు. "బిగిస్తే ఈడనే ఉండిపో. దాన్ని చూసుకునే మనిషి మాకు కావాల" అన్నారు. ఆటో సీటు మీద పదిహేనేళ్ళు కూర్చున్నవాడికి ఆ మాట ఎలా వినిపిస్తుందో మీరే ఊహించుకోండి.

పక్కగదిలో పెట్టె విప్పాను. తీగలు కలపడం నిజానికి కష్టం కాదు. ఏ మొన ఏ రంధ్రంలో పడుతుందో, అందులోనే పడుతుంది. "ఈ తీగకు ఢిల్లీలో స్పెషల్ ట్రైనింగ్ తీసుకున్నా" అని వాణికి చెబుతూ ఒక్కొక్కటే దూర్చుతున్నాను. చివరికి గోడ దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చింది. కంప్యూటర్ ప్లగ్గుకు మూడు పిన్నులు, పాత గోడలో రెండే రంధ్రాలు. పైన ఉండే ఆ లావు పిన్ను గోడకు అడ్డంగా నిలబడి నన్ను ఎగతాళి చేసింది. మెకానిక్ అయితే అక్కడ ఆగిపోయేవాడు. నేను మెకానిక్కును కాను కదా. పట్టెడలో ఇనుము కోసే రంపం కనిపించింది. నాలుగు కోతల్లో మూడో పిన్ను తెగి కింద పడింది. ప్లగ్గు గోడలో ఒదిగి కూర్చుంది. బటన్ నొక్కితే లోపల ఫ్యాన్ ఝుమ్మంది, తెర నీలంగా వెలిగింది. పనివాళ్ళంతా ఉలులు పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. ఒకాయన అయితే తెరకు దణ్ణం కూడా పెట్టేశాడు. నేను రెండడుగులు పెరిగాను.

సరిగ్గా అప్పుడే ఓబులాచారి గారు బకెట్టుతో నీళ్ళు తెచ్చారు. పట్టెడలో అది రోజూ ఉండే పనే. దుమ్ము అణగడానికి నేలమీద నీళ్ళు చల్లుతారు. "రాతిదుమ్ము మనిషి ఊపిరితిత్తుల్నే తింటాది, ఈ మిషన్ యామాత్రం? లోపల ఫ్యాను గాలి పీలుస్తాండాది గదా" అంటూ, కంప్యూటర్ మీది ప్రేమతో, ఆ గది నేలంతా తడిపేశారు. ఆయన కాళ్ళకు చెప్పుల్లేవు. తడిచేత్తోనే ఆ ఇనప డబ్బాను బిడ్డ వీపు తట్టినట్టు తట్టారు.

"అబ్బా!"

బకెట్టు ఒకవైపు, ఆయన ఒకవైపు. ఆ ఊపుకు ఆయన అహోబిలం దాకా పోయి పడ్డారని నేను టీ అంగళ్ళ దగ్గర చెబుతుంటాను. నిజానికి గడపకు వీపు తగిలి కూలబడ్డారు. వాణి "నాయనా!" అని అరిచి, నీళ్ళ మీద అడుగు పెట్టకుండా గడప మీదనుంచి చెయ్యి చాచి స్విచ్చు తీసేసింది.

ఆయన కుడిచెయ్యి ఒత్తుకుంటూ కాసేపు ఆ డబ్బాను చూశారు. "ఏంరా ఇది, కంబంలోంచి వచ్చినట్ల దీంట్లోంచి నరసింహసామి పంజా ఇసిరినాడే!" అని నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. ధైర్యం రాగానే అబద్ధం కూడా వచ్చింది.

"కొత్త మిషనన్నా. మొదట్లో రొంత జివ్వుమంటాది. వారం దినాలకు అణిగిపోతాది."

ఆయన నేలమీద వెతికి, నీళ్ళలో మెరుస్తున్న ఇత్తడి ముక్కను తీశారు. నేను కోసి పడేసిన పిన్ను. అరచేతిలో పెట్టుకుని నా ముందుకు చాపారు.

"నేను చెక్కేటప్పుడు పెళ్ళ ఎగిరితే అది యాడిదో నాకు తెలుస్తాది. ఈ పెళ్ళ యాడిదప్పా?"

"అది... ఊరికే ఉంటాదన్నా. అలంకారానికి."

"చేసినోళ్ళు మూడు పెట్టినారంటే మూడింటికీ పనుంటాది. ఎక్కువైన రాయిని నేనే మొయ్యను, వాళ్ళు మోస్తారా?" ఆయన గొంతు పెరగలేదు. "దావీదూ, నీకు తెలీదు గదా?"

తల వంచుకుని అంతా చెప్పేశాను. ఆటో సంగతి, పెట్టెల సంగతి, ఢిల్లీ సంగతి. ఇక చెప్పు తీస్తారనుకున్నాను. ఆయనకు చెప్పుల్లేవని గుర్తొచ్చి కాస్త తెరిపిన పడ్డాను.

"నాకు తగిలింది, పోనీ. పొద్దస్తమానం దాని ముందర కూర్చునేది నా బిడ్డ" అన్నారు ఆయన. "తెలీదు అనే మాట ముందే అనింటే నీ నోరు పగిలేదా?"

ఆ మాట తగిలినంతగా కరెంటు కూడా తగలదు. నేను ఆటో తాళం తీసుకుని వాకిలి దాటుతుంటే వెనకనుంచి పిలిచారు. "యాడికి పోతాండావ్? చెడగొట్టినోడివి నువ్వే, బాగుచేసేదీ నువ్వే. రేపు తొలి బస్సుకు నంద్యాలకు పోదాం. ఆటో ఈడనే పెట్టు. నీతో ఆటోలో ఎక్కితే దావంతా కతలు ఇనాల."

బుధవారం పొద్దున బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. శిరివెళ్ళ దాటాక, "ఆడికి పోయినాక నువ్వే మాట్లాడాల" అన్నారు. దుకాణంలో మెకానిక్ నన్ను చూసి, "ఏం దావీదూ, మళ్ళీ పెట్టెలకొచ్చినావా?" అన్నాడు. పది మంది కొనేవాళ్ళ ముందు, పక్కన ఓబులాచారి గారు నిలబడి ఉండగా, నేను ఇలా అన్నాను: "అన్నా, మూడో పిన్ను ఎందుకుంటాదో నాకు తెలీదు. చెప్పు." దుకాణమంతా నవ్వింది. ఆచారిగారు నవ్వలేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు, అంతే. మెకానిక్ నవ్వు ఆపి కాగితం మీద బొమ్మ గీశాడు. డబ్బాలోకి దారితప్పి వచ్చిన కరెంటు మనిషి ఒంట్లోంచి కాకుండా తీగ వెంట భూమిలోకి దిగిపోవడానికే ఆ పిన్ను. దానికి ఇంటి దగ్గర ఎర్తు గుంత ఉండాలి, గోడలో మూడు రంధ్రాల సాకెట్టు ఉండాలి. ఆచారిగారు ఆ బొమ్మను చాలాసేపు చూసి, "అంటే బరువును పునాదిలోకి దించే కంబం మాదిరి" అన్నారు. మెకానిక్ ఆ మాటకే పడిపోయాడు. సోమవారం దాకా తీరికలేనివాడు సాయంత్రమే మా వెంట బస్సెక్కాడు.

గురువారం ఆ పట్టెడను మీరు చూసి ఉండాల్సింది! పన్నెండుమంది శిల్పులు ఒక గుంతను తవ్వితే ఎలా ఉంటుంది? అంచులు గీత గీసినట్టు, గోడలు నున్నగా. దేవుణ్ణి దించుతున్నారా అన్నట్టుంది. పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేశారు. ఓబులాచారి గారు బకెట్టు అందులో గుమ్మరించి, "ఇంక పోస్తే ఈడనే పోయాల నీళ్ళు. ఆ గదిలో చుక్క పడితే చేతులు ఇరగ్గొడతా. ముందు నావి" అన్నారు. మెకానిక్ కొత్త సాకెట్టు, కొత్త తీగ వేసి, కరెంటు పోతే ఆదుకునే యూపీఎస్ కూడా పెట్టి, టెస్టు దీపం పెట్టి చూసి, డబ్బా మీద చెయ్యి వేసి చూపించాడు. తర్వాత నన్ను వేయమన్నారు. నేను చేసిన ప్రార్థన పరలోకంలో ఇప్పటికీ మోగుతూ ఉంటుంది. ఏమీ కాలేదు. చల్లని ఇనుము, అంతే.

తర్వాత జరిగింది మాత్రం ఏ మెకానిక్కూ నేర్పేది కాదు. ఆచారిగారు వాణిని కుర్చీలో కూర్చోబెట్టి, విగ్రహాలకు వాడే నూలుదారం తీశారు. మోకాలి నుంచి మడమకు ఎంతో కొలిచారు. కుర్చీ ఎత్తయిందని, పాదాల కింద నున్నటి రాతిపలక పరిచారు. మోచెయ్యి మడిచిన చోటికి బల్లను దించారు. కంటికి ఎదురుగా దారం చాపి, ఆ గీతకు తెర పై అంచు వచ్చేదాకా కింద రెండు నల్లరాతి పలకలు పేర్చారు. చెయ్యి చాపితే వేళ్ళు తెరకు అందీ అందనంత దూరం. కిటికీ వెలుగు తెర మీద మెరుస్తోందని బల్లనే పక్కకు తిప్పించారు.

"ఎందుకు నాయనా ఇంత సేపు, నేనేమన్నా దేవతనా?" అని వాణి విసుక్కుంది.

"దేవత అయితే ఒగసారి కూర్చుంటే సాలు, నొప్పి ఉండదు. నువ్వు దినమూ కూర్చోవాల" అన్నారాయన, తన వంగిన నడుము మీద చెయ్యి వేసుకుని. "గంటకొకసారి లేసి ఈ పట్టెడ ఒక సుట్టు తిరిగి రా. నాకు ఎవరూ చెప్పలేదు."

వాణి వీపు కుర్చీకి ఆనించి, పెన్‌డ్రైవ్ పెట్టి, అంతకుముందే గీసి ఉంచిన మండపాన్ని తెరిచింది. వేలు కదిపితే పదహారు స్తంభాలూ గాలిలో గిర్రున తిరిగాయి. "ఈ కంబం ఎనకల కూడా సూపిస్తాదా?" అని ఓబులాచారి గారు చిన్నపిల్లవాడిలా అడిగారు. ఆమె తిప్పి చూపింది. ఆయన మళ్ళీ తిప్పమన్నారు. ఎన్నిసార్లు తిప్పించారో లెక్క లేదు. ఇందులో ఏమీ తీసేయొద్దు.

శుక్రవారం డోన్ వాళ్ళు ఐదుగురు వచ్చారు. బొమ్మ చూశారు, తల ఊపారు. అప్పుడు వాళ్ళలో పెద్దాయన కంప్యూటర్ పక్కనున్న యూపీఎస్‌ను చూపించి నన్నడిగాడు. "కరెంటు పోతే ఇది ఎంతసేపు ఆపుతాదప్పా? మండపం పని నడిచేటప్పుడు గీసింది పోతే మాకు కష్టం." మూడు గంటలు అనే మాట నా నాలుక చివర తయారుగా కూర్చుని ఉంది. పన్నెండుమందీ గుమ్మంలోంచి నా మొహమే చూస్తున్నారు. ఓబులాచారి గారు మాత్రం నన్ను చూడకుండా తెరవైపే చూస్తున్నారు.

"తెలీదు సామీ" అన్నాను. "నిన్ననే పెట్టినాం. ఇంకా కొలవలేదు. ఇప్పుడే తీసి సూద్దాం."

గోడ స్విచ్చు ఆపేశాను. యూపీఎస్ కుయ్‌కుయ్‌మని మొదలుపెట్టింది. వాణి గీస్తూనే ఉంది. అందరం గడియారం చూస్తూ నిలబడ్డాం. పధ్నాలుగు నిమిషాలు. చివరి అరుపులు వినబడగానే ఆమె పనిని భద్రం చేసి కంప్యూటర్‌ను ఆపింది. ఏదీ పోలేదు.

పెద్దాయన ఓబులాచారి గారి వైపు తిరిగాడు. "రెండు పట్టెడలు చూసొచ్చినాం ఆచారీ. ఇదే మాట అడిగితే ఒకరు ఆరు గంటలన్నారు, ఒకరు దినమన్నారు. మీ మనిషి తెలీదన్నాడు. రాయిలో పగులుంటే కూడా మీరు చెప్తారులే. పని మీరే చెయ్యండి."

వాళ్ళు వెళ్ళాక ఆచారిగారు నన్ను మెచ్చుకోలేదు. "ఏం దావీదూ, నోరు పగిలిందా?" అన్నారు, అంతే. నేను ఆరేళ్ళు అక్కడే ఉన్నాను. తర్వాత నంద్యాలలో నా సొంత దుకాణం పెట్టుకున్నాను. ఆటో అమ్మేశాను, అబద్ధాలు అమ్మలేదు, అవి ఊరికే పంచుతాను. టీ అంగడి దగ్గర నల్లమలలో పులి నాతో సెల్ఫీ దిగింది అంటాను. పిల్లలు నమ్మినా నమ్మకపోయినా నాకు బాధ లేదు. కానీ ఎవరైనా గోడ చూపించి "ఇక్కడ ఎర్తింగు బాగుందా?" అని అడిగితే, నా నోట్లోంచి ముందు ఒక్క మాటే వస్తుంది. కొందరికి అది నచ్చదు. "ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని తెలీదంటావేందప్పా?" అంటారు.

"సూడకుండా ఎట్ల తెలుస్తాది సార్?" అని, సంచీలోంచి టెస్టు దీపం తీసి, గోడ దగ్గర నేలమీద చతికిలబడతాను.