చింతపండుకి లొంగిన చెట్టు

ఆ రోజుల్లో రాయి కనిపిస్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేసేవాణ్ణి. డిగ్రీ మొదటి ఏడాదిలో భూగర్భశాస్త్రం తీసుకున్నవాడికి ఆ మాత్రం గర్వం ఉండదా? చీపురుపల్లిలో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదివేవాణ్ణి. ఒక శనివారం ఊరి పక్క కొండవాలులో, విరిగిన రాతి పలక మీద నల్లటి మొక్క కనబడింది. కొమ్మలు, రెమ్మలతో సహా అచ్చు గుద్దినట్టుంది. శిలాజమే! చిక్కేమిటంటే, మా కొండల రాళ్లు పుట్టేనాటికి భూమ్మీద గడ్డిపరక కూడా లేదు. మరి రాయి వయసు తప్పా, మొక్క వయసు తప్పా? (మూడో తప్పు నాదై ఉండొచ్చని ఒక్క క్షణం కూడా తోచలేదు.) రాయి జోలికి పోకుండా మొక్క వయసునే వెనక్కి నెట్టేశాను. మొక్కలన్నిటికీ ముత్తాత దొరికిందని తీర్మానించి, నా ఇంటిపేరు కలిపి దానికో లాటిన్ పేరు కూడా పెట్టేసుకున్నాను.

కాలేజీలో మాస్టారికి చెబితే కళ్లజోడు సవరించుకుని, "శుక్రవారం పట్రా. నిజమైతే యూనివర్సిటీ సెమినార్లో నువ్వే మాట్లాడుదువు గాని" అన్నారు. ఇక నా కాళ్లు నేల మీద ఆనలేదు. బజార్లో కిరాణా కొట్టున్న మా మావ, పప్పు తూస్తూనే వచ్చినవాళ్లందరికీ, "మా మేనల్లుడు రాతిలో సెట్టు కనిపెట్టినాడు. ఇంక మనూరి పేరు పుస్తకాల్లోకెక్కుతాది" అని చాటేశాడు. "అంత ఇలువైన సరుకు దేవుడి దగ్గరుండాల" అంటూ తనే పలకని పూజగదిలో పెట్టాడు.

శుక్రవారం పొద్దున్నే చూస్తే పలక తళతళలాడుతోంది. ఓ మూల చిన్న రెమ్మ తప్ప మొక్క లేదు.

"అమ్మమ్మా, నా సెట్టేదే?"

"సెట్టేట్రా? మసి పట్టేసున్నాదని నిన్న ఇత్తడి సామాన్లతో పాటు సింతపండులో నానబెట్టి తోమీసినాను. సూడు, ఎలాగ మెరుస్తన్నాదో!"

ఏడుపు ఆపుకుంటూ ఆ పలకే పట్టుకెళ్లి, జరిగింది చెప్పాను. మిగిలిన రెమ్మని భూతద్దంతో చూసి మాస్టారు పకపకా నవ్వారు. "ఇది మొక్క కాదురా, మాంగనీసు. నీళ్లతో పాటు రాతి పగుళ్లలోకి దిగి ఇలా రెమ్మల్లా పేరుకుంటుంది. నేను యాసిడ్ వేసి చూద్దామనుకున్నాను. మీ అమ్మమ్మ ఆ పని చింతపండు పులుపుతో ముందే చేసేసింది."

సెమినారు పోయింది. మావ మాత్రం ఒప్పుకోలేదు. "మరీ ముసిల్ది కదరా ఆ సెట్టు, పులుపు పడనేదు" అన్నాడు కొట్లో అందరి ముందూ.

ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరు నల్లటి చెట్టున్న రాయితో, వెలిగే కళ్లతో పరుగెత్తుకొస్తారు. నిజం చెప్పడానికి నాకు మనసొప్పదు, మర్నాటికి వాయిదా వేస్తాను. అమ్మమ్మ లేదు. ఆమె తోమిన పలక నా బల్ల మీదుంది. దాని వయసెంతని పిల్లలడిగితే రాయి సంగతి పుస్తకంలో చూడమంటాను. చెట్టు మాత్రం శనివారం పుట్టి గురువారం పోయింది. ఆ వారం ఉన్నంత గొప్పగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.