బ్రేకు దీపం మీద బొట్టు బిళ్ళ

నా తెలివితక్కువతనానికి ఒక రంగుంది, అది కుంకుమ రంగు. ఆకారమూ ఉంది, గుండ్రం. మా ఆవిడ స్నానాల గది అద్దానికి అంటించి పెట్టుకునే బొట్టు బిళ్ళల్లోంచి ఒకటి గీరి తీసి, మా బండిలో స్పీడు చూపించే ముల్లు పక్కన వెలుగుతున్న పసుపు దీపం మీద అంటించినవాణ్ణి నేనే. ఆ దీపంలో మూడు అక్షరాలుంటాయి, ఏబీఎస్ అని. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి బండి జారకుండా చూసే ఏర్పాటది. ఆ ఏర్పాటు పనిచేయడం లేదు నాయనా అని చెప్పడానికే దీపం వెలుగుతుంది. చెప్పేవాడి నోరు మూస్తే చెప్పిన సంగతి అబద్ధమైపోతుందని చదువుకున్నవాడెవడూ అనుకోడు. నేను కాలేజీలో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను. అయినా అనుకున్నాను.

బండి మా ఇంటికొచ్చి పదిహేనేళ్ళు దాటింది. ఎత్తైన తెల్ల బండి, ఏడుగురు కూర్చోవచ్చు. కర్నూలు ఎండకు బానెట్ మీద రంగు పొట్టులా లేచింది. దాని మంచీ చెడూ చూసేది ఓర్వకల్లు పోయే దారిలో రేకుల షెడ్డు పెట్టుకున్న ఒక మెస్త్రీ. మాట తక్కువ మనిషి. ఇంజను శబ్దం వినేటప్పుడు పాట వింటున్నట్టు కళ్ళు మూసుకుంటాడు. దసరాకు ముందు ఎడమవైపు ముందు చక్రం గుర్రుమంటుంటే బేరింగు మార్చాడు. గుర్రు పోయింది. అంతవరకు ఈ కథలో అందరూ మంచివాళ్ళే.

ఆయుధపూజ రోజు పొద్దున్నే మా బావ వచ్చాడు. మా అక్క మొగుడు, కడప వైపు మనిషి. మంగంపేట గనుల్లోంచి లారీల్లో ముగ్గురాయి తోలి తోలి, ఇప్పుడు ఓర్వకల్లు దగ్గర ఫ్యాక్టరీల స్థలాలు చదును చేసే పనికి మూడు టిప్పర్లు పెట్టాడు. ఆ మూడింటినీ మెస్త్రీ దగ్గరికి పంపించింది నేనే. షెడ్డులో సగం పని మా బావ బండ్లదేనని మెస్త్రీ ఒకసారి నాతో అన్నాడు కూడా, కృతజ్ఞతగా.

బావ చేతిలో నల్ల ఉన్నితాడు ఉంది. దానికి నిమ్మకాయలు, మిరపకాయలు, రెండు గవ్వలు.

“బామ్మర్దీ, ఇంత పాత బండి ఇంత బాగా తిరుగుతాంటే ఊరోళ్ళ కండ్లు ఊరికే ఉంటాయా? నరుని కంటికి నల్లరాయి గూడ పగులుతాది. ముందు చక్రం కాడ ఇది కట్టు. నా టిప్పర్లకు గూడ ఇదే కట్టినా. ఇంతవరకు గీత పడలే.”

కట్టేది నేనే కడతానన్నాను. ఆ రోజు బండిని నా చేత్తోనే కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి ఉన్నాను కాబట్టి పూజారినైపోయినట్టు ఒక ఊపు. చాప పరుచుకుని బండి కిందికి తల దూర్చాను. ఎడమ చక్రం వెనకాల ఒక నల్ల తీగ వంపు తిరిగి వేలాడుతూ కనిపించింది. తాడు కట్టుకోవడానికే దాన్ని ఎవరో అమర్చి పెట్టినట్టుంది. తాడును దాని చుట్టూ తిప్పి, వదులుగా ఉంటే రాలిపోతుందని బాగా లాగి, మూడు ముళ్ళు వేశాను. నా జీవితంలో రెండోసారి. మొదటిసారి వేసిన ముళ్ళు నా మీద ఎలా బిగిశాయో తెలిసి కూడా.

రెండు రోజులకు దీపం వెలిగింది. బండి తీసినప్పుడు ఉండదు. మా సందు చివర కుడివైపు తిరిగే మూల మలుపులో వెలుగుతుంది, ఇక ఆపేదాకా ఆరదు. ఆపి మళ్ళీ తీస్తే ఉండదు. మళ్ళీ ఆ మలుపు, మళ్ళీ దీపం. ఆ మూల మీద పాడుబడిన ఇల్లొకటి ఉంది. ఎవరైనా ఏమనుకోవాలి? మలుపు తిరిగితే వెలుగుతోంది కాబట్టి స్టీరింగు వైపు చూడాలనుకోవాలి. నేను ఆ పాడుబడిన ఇంటివైపు చూశాను. తాడుకు ఇంకో నిమ్మకాయ గుచ్చాను.

బావకు ఫోను చేస్తే తప్పు ఎవరిదో క్షణంలో తేల్చేశాడు.

“బేరింగు మార్చినోడే చెడగొట్టినాడప్పా. యాడో సుత్తి తగిలించింటాడు. నువ్వు మెత్తగా ఉంటావు కాబట్టి నోరు మూసుకుండాడు. పోయి అడుగు, గట్టిగా అడుగు.”

గట్టిగా అడగడం నాకు చేతకాదు. చేతకానివాడు గట్టిగా అడిగితే మరీ గట్టిగా వస్తుంది. షెడ్డులో అప్పుడు నలుగురైదుగురు ఉన్నారు, అందులో మా బావ టిప్పరు డ్రైవరొకడు. నేను బండి దిగకుండానే అరిచాను.

“చక్రం బాగు చేస్తానని బ్రేకు చెడగొట్టినావే! తెలీకపోతే తెలీదని చెప్పాల గదా!”

మెస్త్రీ లేచి నిలబడ్డాడు. “సార్, ఒక్కసారి పైకెత్తి చూస్తా. పదే పది నిమిషాలు.”

“నువ్వు చూసింది చాలు.”

ఆయన చేతులు తుడుచుకుంటున్న గుడ్డతో ఇంకాసేపు తుడుచుకున్నాడు. “సరే సార్” అన్నాడు. అంతే. ఎదురు తిరిగి నాలుగు మాటలు అన్నా బాగుండేది, ఇవాళ తలుచుకోవడానికి నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆ వారమే మా బావ మూడు టిప్పర్లనూ వేరే షెడ్డుకు మార్చేశాడు. చదువుకున్న బామ్మర్ది చెప్పాడంటే మాటలా అని తోటి టిప్పర్ల వాళ్ళకూ చెప్పాడట.

నేను ఊళ్ళో ఒక పెద్ద సర్వీసు సెంటరుకు పోయాను. బండికి కంప్యూటరు తగిలించి, ఎడమ ముందు చక్రం నుంచి కబురు అందడం లేదు, పాత మోడలు కాబట్టి ఏబీఎస్ పంపు మొత్తం మార్చాలి, అది ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు. చక్రం కబురు పంపకపోతే పంపును ఎందుకు మార్చాలని అడగాలని అప్పుడు తోచలేదు. మామూలు బ్రేకు పడుతూనే ఉంది కదా అని ఇంటికొచ్చి బొట్టు బిళ్ళ అంటించాను. మా ఆవిడతో దీపం బాగైందని చెప్పాను. బిళ్ళను చూసి పూజనాటి కుంకుమ అనుకుందో ఏమో, ఆమె అడగలేదు.

నెల తర్వాత ఓర్వకల్లు రాళ్ళగుట్టలు దాటి ఇద్దరం కర్నూలుకు వస్తున్నాం. ఎప్పుడూ పడని వాన అప్పుడే నాలుగు చినుకులు పడి, రోడ్డు మీద దుమ్ముతో కలిసి జారుడుబండ చేసింది. మలుపు అవతల గొర్రెల మంద. బ్రేకు మీద నిలబడ్డాను. చక్రాలు బిగుసుకుపోయాయి, స్టీరింగు ఎటు తిప్పినా బండి మాత్రం తనకు నచ్చినవైపు అడ్డంగా జారుకుంటూ పోయి, చివరి గొర్రెకు జానెడు దూరంలో ఆగింది. గొర్రెకు ఏమీ కాలేదు. నేను గొర్రెనని తేలింది.

కంబళి కప్పుకున్న కాపరి అద్దం దగ్గరికి వచ్చి, నన్నూ బండినీ ఒక్క చూపులో కొలిచాడు.

“ఏమప్పా, అది కారా, ఏట్లో తిరిగే పుట్టీనా? తెడ్డు తెచ్చుకోలేదా?”

మా ఆవిడ నవ్వలేదు. బండి జారిన కుదుపుకు ఆమె చెయ్యి వచ్చి నా ముందున్న స్పీడు ముల్లు అద్దాన్ని పట్టుకుని ఉంది. వేలికి బిళ్ళ తగిలినట్టుంది, గోటితో లేపి చూసింది. కింద పసుపు దీపం నిక్షేపంగా వెలుగుతోంది.

“ఇది నా బొట్టు బిళ్ళ గదా! ఈడెందుకుండాది?”

ఆమె బిళ్ళను వేలి కొన మీద పెట్టుకుని కాసేపు చూసింది.

“నా నుదుటి మీద ఉండాల్సింది తీసకపోయి ఆడ పెట్టినావు. ఇంకో జానెడు పోయింటే ఎవరి నుదుటి మీదా ఉండేది కాదు. బండి మెస్త్రీ కాడికి తిప్పు.”

“పెద్ద సెంటరుకు...”

“మెస్త్రీ కాడికి.”

షెడ్డు ముందు బండి ఆపాను. ఎప్పుడూ ఒక టిప్పరు నిలబడి ఉండే చోట కుక్క పడుకుని ఉంది. మెస్త్రీ ఒక్కడే, ఒక స్కూటరు ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, ఏమీ జరగనట్టు “రండి సార్” అన్నాడు. ఆ “రండి” నాకు చెంప మీద తగిలింది.

దీపం ఎప్పుడు వెలుగుతుందని అడిగాడు. మలుపులో అన్నాను. ఏ మలుపులో అన్నాడు. కుడివైపు తిరిగినప్పుడు అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని, “ఎడమ చక్రం లాగుతాంది” అని తనలో తాను అనుకున్నాడు. కంప్యూటరు లేదు, జేబులోంచి మీటరు తీశాడు. చక్రం నుంచి ఆ కబురు పంపే సెన్సారు తీగ చివర పట్టుకుని, నన్ను స్టీరింగు నేరుగా పెట్టమన్నాడు. మీటరు మీద అంకె కనిపించింది. కుడివైపు పూర్తిగా తిప్పమన్నాడు. అంకె మాయమైంది. నేరుగా తెస్తే వచ్చింది. తిప్పితే పోయింది.

“సెన్సారు మంచిదే సార్. తీగ లోపల తెగింది. తిప్పినప్పుడు లాగుతాంది.” జాకీ ఎత్తి, టార్చి వేసి, తల లోపలికి పెట్టాడు. తర్వాత చెయ్యి బయటికొచ్చింది. చేతిలో నల్ల ఉన్నితాడు, ఎండి ముడుచుకుపోయిన ఐదు నిమ్మకాయలు, రెండు గవ్వలు.

“ఇది ఎవరు కట్టినారు సార్?”

తాడును చూసి పామనుకున్నవాళ్ళ గురించి ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. తాడును చూసి దేవుడనుకున్నవాడి గురించి ఏ పుస్తకంలోనూ లేదు. మా ఆవిడ నా వైపు చూస్తోంది. కుక్క కూడా లేచి కూర్చుంది.

“నేనే మెస్త్రీ. నేనే కట్టినా.”

“గట్టిగా కట్టినారు సార్” అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండునని వెతుక్కున్నాను. “తీగకు తిరిగేంత వదులు ఉండాల. మీరు ఆ వదులంతా ముడిలో బిగించేసినారు. తిప్పినప్పుడల్లా లాగి లాగి లోపల రాగి తెగింది. అతుకు వేస్తే వానకు దుమ్ముకు నిలవదు. తీగతో సహా సెన్సారు మారుద్దాం.”

అందరి ముందు అరిచినవాణ్ణి, బయటివాళ్ళెవరూ లేనప్పుడు క్షమించమన్నాను. అది కూడా సిగ్గే. ఆయన తాడును నా చేతికిచ్చాడు. “నన్ను అంటే అన్నారు లే సార్. బావగారికి ఒక మాట చెప్పండి. బండ్లు లేకపోతే షెడ్డు ఈ ఉగాది దాకా గూడ నిలిచేట్లు లేదు.”

చెప్పాను. తాడు బావ ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాను. బావ తాడును అసలు గుర్తుపట్టలేదు.

“ఇది నాది కాదప్పా. అయినా అందరికీ చెప్పేసినాక ఇప్పుడు పోయి నాదే తప్పు అంటే నా మాటకు ఏం విలువ ఉంటాది? ఆ బ్రేకును మెస్త్రీ బాగు చేస్తాడని నువ్వంటే నేను నమ్మాల్నా? మొన్న చెడిందనిందీ నువ్వే గదా!”

పోయిన నెల నా మాట నమ్మి ఒక మనిషిని వదులుకున్నాడు. ఈ నెల నా మాట నమ్మనంటున్నాడు. రెండుసార్లూ న్యాయం ఆయన వైపే ఉన్నట్టుంది.

సెన్సారు వచ్చి, బిగించి, దీపం ఆరిన రోజు మెస్త్రీ అన్నాడు, గులకరాళ్ళ దారిలో ఒకసారి గట్టిగా తొక్కి చూస్తే గానీ పూర్తి కాదని. “ముప్పై స్పీడు చాలు సార్. పెడలు కింద గడగడమని కొట్టుకుంటాది. భయపడొద్దు, పనిచేస్తాందని అర్థం.”

నేను బావను టిఫిన్‌కు పిలిచాను. తెల్ల ఖద్దరు చొక్కాలో వచ్చాడు, ఇస్త్రీ మడతలు కత్తుల్లా ఉన్నాయి. హోటల్లో కూర్చుంటే మెస్త్రీ సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని, బొరుగుల ఉగ్గాని, బజ్జీ పొట్లం కట్టించుకుని బండిలోనే తింటానన్నాడు, నేను ఎటు తీసుకుపోతున్నానో అడక్కుండా. వెనక సీట్లో మెస్త్రీ ఉన్నాడు. బావ ఆయన్ను చూసి, చూడనట్టు, పొట్లం విప్పి ఒళ్ళో పెట్టుకుని బజ్జీ కొరికాడు.

“యాడికి పోతాండాము?”

“ఈడికే బావా, పక్కనే.”

ఆయన టిప్పర్లు తోలే స్థలం పక్కన గులకరాళ్ళ దారి. ఎవరూ లేరు. నేను తొక్కాను. పెడలు నా పాదం కింద గడగడమంది, బండి గీత గీసినట్టు నేరుగా నిలబడింది, అంగుళం కూడా పక్కకు జారలేదు. ఉగ్గాని మాత్రం నేరుగా పైకి లేచి అక్షింతల్లా బావ నెత్తి మీద, మీసాల మీద, ఇస్త్రీ మడతల్లో పడింది. బజ్జీ నోట్లోనే ఉండిపోయింది కాబట్టి చాలాసేపు మాట రాలేదు.

వెనకనుంచి మెస్త్రీ నెమ్మదిగా అన్నాడు. “బ్రేకు పనిచేస్తాంది సార్. బండి జారలేదు చూడండి.”

బావ చొక్కా మీది బొరుగులు ఒక్కొక్కటే ఏరుకున్నాడు. తర్వాత వెనక్కి తిరగకుండానే అన్నాడు. “సోమవారం మూడు బండ్లూ పంపిస్తా మెస్త్రీ. ముందు ఆ చక్రాల కాడ నేను కట్టిన తాళ్ళన్నీ కోసి పారెయ్.”

మెస్త్రీ సరేనన్నాడు. అద్దంలో ఒకసారి నా వైపు చూశాడు, నేను అద్దం సర్దుకున్నాను.

ఆయన ముప్పై చాలన్నాడు. నేను యాభైలో తొక్కాను.