అన్న మనువు తెగినప్పుడు

మాది కుండమార్పిడి పెళ్లి. నన్ను సురంగల్‌లో ఇచ్చారు, నా భర్త చెల్లెల్ని మా అన్నకు చేసుకున్నారు. ఒకే పందిట్లో రెండు పెళ్లిళ్లు. మా షాబాద్ వైపు అది మామూలే. మన పిల్ల వాళ్లింట్లో ఉంటే వాళ్ల పిల్లను మనం బాగా చూసుకుంటామని పెద్దల ధీమా.

మా అన్న చూసుకోలేదు. కల్లు తాగి వచ్చి కొట్టేవాడు. ఒక ఎండాకాలం నా ఆడబిడ్డ పగిలిన పెదవితో పుట్టింటికి నడిచి వచ్చి, ఇక పోనంది. చేవెళ్లలో కులపెద్దలు కూర్చున్నారు. సర్దుకుపొమ్మని ఎంత చెప్పినా ఆమె మాట మార్చలేదు. చివరికి మనువు తెగిందని, ఇద్దరూ మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని తీర్పు చెప్పారు.

మర్నాడే మా బాపు బండి కట్టుకుని సురంగల్ వచ్చాడు. వాళ్ల పిల్ల వాళ్లింటికి చేరింది కాబట్టి తన పిల్లను తీసుకుపోతానన్నాడు. ఆనవాయితీ అదే. మామ కాదనలేదు. నా భర్త తల వంచుకుని గోడకు ఆనుకున్నాడు. అత్త నా చీరలు మూటగట్టి బండిలో పెట్టింది. నన్నెవరూ అడగలేదు.

నేను బర్రె పాలు పితుకుతున్నాను. చెంబు పక్కన పెట్టి వచ్చి బాపు ముందు నిలబడ్డాను. భయం లేదు, కోపమే ఉంది.

"బాపూ, తెగింది అన్న మనువు. నాది తెగలే. ఈయన నన్ను ఏనాడూ ఒక్క మాట అనలే. నేనెందుకు రావాలె?"

"రాకుంటే నీకు పుట్టిల్లు లేదు," అన్నాడు బాపు.

ఆడబిడ్డ లోపలి నుంచి వచ్చి మూటను బండిలోంచి దించింది. తన తండ్రి వైపు తిరిగి, "నేను బతకనీకి వచ్చిన. వదినె కాపురం కూలగొట్టనీకి రాలే," అంది.

అప్పుడు నా భర్త తలెత్తి, నేను ఉంటానన్నాక పంపేది లేదన్నాడు.

బాపు అన్నంత పనీ చేశాడు. నా తొలి కాన్పుకు పుట్టింటి నుంచి ఎవరూ రాలేదు. అత్తే పురుడు పోసింది. చేవెళ్ల అంగడిలో కనిపించినప్పుడు అమ్మ మాత్రం బాపు చూడకుండా నాకు గాజులు తొడిగించేది. ఆడబిడ్డను మొయినాబాద్ దగ్గర, పెళ్లాం పోయిన ఒక రైతుకు మారుమనువు ఇచ్చారు. ఆమెను ఆడిపోసుకున్నవాళ్లే ఆ పెళ్లిలో కడుపునిండా తిన్నారు. ఆమె అక్కడ సుఖపడింది.

కొన్నేళ్లకు మా ఊళ్లో ఇంకో కుండమార్పిడి మనువు తెగింది. కోడలిని తీసుకుపోవడానికి ఆమె పుట్టింటివాళ్లు వస్తే, కులపెద్ద మొదట ఆమెనే అడిగాడు, ఉంటావా పోతావా అని. ఆమె పోతానని చెప్పి పోయింది. నాకు అదీ సబబే అనిపించింది.